ఏ దోమ?

శాస్త్రీయ పద్ధతి యనగానే మన పాఠ్యపుస్తకములు పరిశీలనము, పరికల్పనము, ప్రయోగము, నిర్ధారణము అను నాలుగు మెట్లను వరుసగా పేర్కొని, వానిని ఎక్కినవాడు సత్యమును చేరునని చెప్పి ఊరకుండును. ఈ మాట అసత్యము కాదు. కాని ఇంతమాత్రము చెప్పి విడిచినచో, ముఖ్యముగా జీవరాశిని గూర్చి పరిశోధింపగోరువానికి, చెప్పవలసినదానిలో సగమైనను చెప్పినట్లు కాదు. రాతిని ఏ కొండనుండి తెచ్చి జారవిడిచినను నేలకే పడును. శుద్ధజలమును గోదావరినుండి తెచ్చినను కృష్ణనుండి తెచ్చినను, వాయుపీడనము మారనంతవరకు, ఒకే వేడిమికి మరుగును. ప్రాణి అట్టిది కాదు. దానికి జాతి కలదు, వయస్సు కలదు, ఆడ మగ భేదము కలదు, నిన్న తిన్న ఆహారము నేటి దాని స్థితిని మార్చును, ఎండకాలమున చేసిన పని వానకాలమున చేయకపోవచ్చును. ఒక జాతికి విషమైనది దాని పొరుగుజాతికి ఆహారము కావచ్చును. కావున జీవశాస్త్రజ్ఞుడు ‘ఇది నిజమా?’ అని అడుగుటకు ముందు ‘ఏ ప్రాణియందు, ఏ దశయందు?’ అని అడుగవలసియుండును. ఈ ప్రశ్నను అడుగుటలో ఆలస్యమైనందువలన రెండేండ్ల శ్రమ వ్యర్థమైనట్లు తోచి, తుదకు దానిని అడిగినందువలననే మానవజాతికి మహోపకారము జరిగిన ఉదంతమొకటి మన సికిందరాబాదులో నడచినది. దానిని కొంత సావకాశముగా చెప్పుటయే ఈ అధ్యాయమున నా ఉద్దేశము.

చలిజ్వరము, అనగా మలేరియా, మానవునకు కొత్త వ్యాధి కాదు. దినము విడిచి దినమో, రెండు దినములు విడిచియో, వేళ తప్పక వచ్చి, మొదట దుప్పట్లెన్ని కప్పినను ఆగని వణకును, పిమ్మట ఒడలు కాలిపోవు తాపమును, తుదకు ధారలుగా చెమటను కలిగించి విడిచిపోవు ఈ జ్వరమును ప్రాచీన గ్రీకు వైద్యులును, విషమజ్వరమను పేర మన ఆయుర్వేదాచార్యులును ఎరిగియుండిరి. మన్యసీమకు పోయివచ్చినవాడు మన్యపు జ్వరమును వెంటబెట్టుకొని వచ్చుట తెలుగువారికి తరతరములుగా తెలిసిన సంగతియే. బురదనేలలనుండి లేచు చెడుగాలి దీనికి కారణమని ఐరోపావారు శతాబ్దులకాలము నమ్మిరి. ఆ నమ్మకమును నేడు మనము తేలికగా త్రోసివేయరాదు. ఏలయన దానికి ఆధారములైన పరిశీలనములన్నియు యథార్థములు. చిత్తడినేలల సమీపమున జ్వరము హెచ్చు. ఆ నేలను ఎండగట్టినచో తగ్గును. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆరుబయట నుండువారికి అపాయమెక్కువ. కిటికీలు మూసికొని పరుండువారికి కొంత రక్షణ కలదు. వీనిలో ఒక్కటియు అబద్ధము కాదు. బురదనుండి రాత్రివేళ లేచు విషవాయువే కారణమనినను ఇవన్నియు సరిపోవును. నీటిలో పుట్టి రాత్రివేళ తిరుగు కీటకమే కారణమనినను ఇవన్నియు సరిపోవును. పరిశీలనము ఎంత నిర్దుష్టమైనను, రెండు ఊహలకు సమానముగా ఒదిగినప్పుడు, అట్టివానినే మరి నూరింటిని ప్రోగుచేసినంతమాత్రమున తగవు తీరదు. ఒక ఊహ ప్రకారము జరిగితీరవలసినదియు, రెండవ ఊహ ప్రకారము జరుగరానిదియు అయిన సంఘటన నొకదానిని వెదకి పట్టుకొనవలెను. ప్రకృతిలో అది దానంతట అది దొరకనిచో మనమే దానిని ఏర్పాటు చేయవలెను. ప్రయోగమనగా ఇదియే.

ఈ తగవులో మొదటి స్థిరమైన ఆధారమును కనుగొన్నవాడు లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు. చలిజ్వరముతో మరణించినవారి అవయవములలో నల్లని రంగురేణువులుండునని అంతకు పూర్వమే వైద్యులకు తెలియును. తక్కినవారు శవములందు చూచినదానిని లావెరాన్ జీవించియున్న రోగి రక్తములో, అప్పుడే తీసిన బొట్టులో, చూడదలచెను. 1880 నవంబరు 6వ తేదీన, అల్జీరియాలోని కాన్‌స్టంటైన్ పట్టణపు సైనికాసుపత్రిలో, ఒక సిపాయి రక్తమును సూక్ష్మదర్శినితో చూచుచుండగా, నల్లని రేణువులు గల గుండ్రని వస్తువు అంచులనుండి సన్నని పోగులు వెలువడి చురుకుగా కొట్టుకొనుచుండుట ఆయన కంటబడెను. చచ్చినది అట్లు కదలదు. అది రంగురేణువు గాదు, దానిని మోయుచున్న ప్రాణి. కొన్ని ఏండ్లకు ఇటలీలో గోల్జీ అను శాస్త్రజ్ఞుడు, ఈ పరాన్నజీవులు ఎర్ర రక్తకణములలో పెరిగి, విభజన చెంది, కణములను ఒక్కసారిగా పగులగొట్టుకొని వెలికివచ్చు వేళయే రోగికి వణకు పుట్టు వేళయని నిరూపించెను. జ్వరము వేళ తప్పక వచ్చుట కిదియే కారణము. కాని ఒకని రక్తములోని ప్రాణి మరియొకని రక్తములోనికి ఏ దారిని పోవుచున్నది? రక్తము విడిచి బయట అది బ్రతుకలేదు. దగ్గువలనగాని, తుమ్మువలనగాని, తాకుటవలనగాని ఈ జ్వరము అంటుకొనదు.

పాట్రిక్ మాన్‌సన్ అను స్కాట్లాండు వైద్యుడు అంతకుముందే చైనాలోని అమోయ్ రేవులో పనిచేయుచు, బోదకాలునకు హేతువైన సూక్ష్మక్రిములు దోమ కడుపులో చేరి పెరుగుచుండుటను 1877లో కనుగొనియుండెను. ఆయన లావెరాన్ చూచిన పోగులను గూర్చి ఇట్లు ఆలోచించెను: ఈ పోగులు రోగి శరీరములో నుండగా కానరావు; రక్తము వెలికి వచ్చిన కొన్ని నిమిషములకే పుట్టును. కావున అవి శరీరము వెలుపలి జీవితమునకు ఉద్దేశింపబడినవై యుండవలెను. రక్తమును వెలికి కొనిపోవునది ఏది? దోమ. ఈ తర్కము అతి సుందరమైనది. 1894లో ఆయన దీనిని ప్రకటించెను. కాని దీనికి ఆయన చేర్చిన ఉత్తరభాగము పొరపాటు. దోమ ఒక్కసారి రక్తము త్రాగి, నీటిమీద గ్రుడ్లు పెట్టి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవానికి జ్వరము వచ్చుననియు ఆయన తలంచెను. పోగులను గూర్చి తలంచినదియు పూర్తిగా ఒప్పు కాదు. అవి మగ బీజకణములని 1897లో మెక్‌కల్లమ్ అను యువకుడు కాకుల రక్తములోని సంబంధిత పరాన్నజీవియందు చూచి తేల్చెను. అయినను నేను మాన్‌సన్ పరికల్పనమును ఉత్తమమైనదనియే చెప్పుదును. పరికల్పనము అక్షరాల సత్యమగుట అవసరము కాదు. అది ఎక్కడ వెదకవలెనో చూపవలెను, వెదకినప్పుడు తప్పైనచో తప్పని తేలునట్లు ఉండవలెను. మాన్‌సన్ మాటలో ఈ రెండు గుణములును గలవు.

ఆ మాటను పరీక్షింప బూనినవాడు రోనాల్డ్ రాస్. 1857లో హిమాలయ ప్రాంతమైన ఆల్మోరాలో జన్మించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, కవిత్వమునందును గణితమునందును ఆసక్తి గలిగి, వైద్యమును మాత్రము తండ్రి కోరికపై చేపట్టిన మనిషి. లావెరాన్ చెప్పిన పరాన్నజీవి యున్నదనియే ఆయన చాలకాలము నమ్మలేదు. 1894లో సెలవుపై లండను పోయినప్పుడు మాన్‌సన్ ఆయనకు దానిని కంటికి చూపెను. చూచిన పిమ్మట ఆయన సందేహమును విడిచెను. 1895లో పటాలపు వైద్యుడుగా సికిందరాబాదునకు తిరిగివచ్చి, ఉద్యోగధర్మము నెరవేర్చగా మిగిలిన వేళలలో, ప్రభుత్వము ఆజ్ఞాపింపని ఈ పనికి పూనుకొనెను.

పని యనగా ఎట్టిదో పాఠకులు కొంచెము దగ్గరగా చూడవలెను. నీటిగుంటలనుండి డింభకములను సీసాలలో తెప్పించి, దోమలుగా మారువరకు పెంచవలెను; ఏలయన బయట పట్టిన దోమ అంతకుముందు ఎవరి రక్తము త్రాగినదో తెలియదు, సీసాలో పుట్టినదానికి పూర్వచరిత్ర లేదు. పరిశోధనలో ఈ శుచిత్వము మొదటినుండియు రాస్‌కు ఉండెను. పిమ్మట రోగిని దోమతెరలో పరుండబెట్టి, ఆ దోమలను లోపలికి వదలి, రక్తము త్రాగినవానిని ఒక్కొక్క గాజుగొట్టములో వేరువేరుగా పట్టి, నీటిచుక్క నుంచి బ్రతికించి, ఇన్ని దినముల కొకటి చొప్పున చంపి, సూదులతో వాని కడుపును వెలికి లాగి, కడుపుగోడలోని కణమును కణమును సూక్ష్మదర్శినిలో వెదకవలెను. వేసవిలో పంకా వేయరాదు, వేసినచో దోమలు ఎగిరిపోవును. నుదుటినుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవనియు, కంటికటకము బీటవారినదనియు రాస్ వ్రాసికొనెను. దోమలు చచ్చిన నీటిని, అంగీకరించి డబ్బు పుచ్చుకొన్న మనుష్యులచేత త్రాగించియు చూచెను. ఒకనికి స్వల్పముగా జ్వరము తగిలినను, తక్కినవారి విషయమున ఏమియు తేలలేదు. ఇట్టి ప్రయోగమును నేటి వైద్యధర్మము అనుమతింపదు, అనుమతింపరాదు కూడ. నడుమ బెంగుళూరులో కలరా నివారణకై పంపబడి కొంతకాలము ఈ పనికి దూరమయ్యెను; నీలగిరుల ప్రాంతమున తానే చలిజ్వరమున పడెను.

ఇంత శ్రమకును ఫలము శూన్యము. దోమ తరువాత దోమను కోసినను, కడుపుగోడలో దోమ కణములు తప్ప వేరేమియు కానరాలేదు. ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఈ శూన్యఫలమునకు అర్థమేమి? ‘దోమలు చలిజ్వరమును మోయవు’ అని చెప్పుటకు రాస్‌కు అధికారము కలదా? తర్కము తెలిసినవాడు వెంటనే లేదనును. రాస్ పరీక్షించినవి ‘దోమలు’ కావు. సికిందరాబాదు బస్తీలలో సులభముగా దొరకు రెండు మూడు రకముల దోమలు మాత్రమే. వానిని ఆయన బూడిదరంగు దోమలనియు, చారల దోమలనియు తన వాడుక పేర్లతో వ్యవహరించెను. నేటి శాస్త్రజ్ఞులు క్యూలెక్స్ అనియు ఈడిస్ అనియు చెప్పునవి అవియే. లోకమున దోమజాతులు మూడువేలకు మించి యున్నవి. అందు మానవుని మలేరియాను మోయగలవి ఆనాఫిలిస్ అను ఒక్క గణములోనివే. ఆ గణములోని నాలుగువందలకు పైబడిన జాతులలోనైనను నిజముగా ప్రమాదకరములైనవి సుమారు నలుబది మాత్రమే. రాస్ రెండేండ్లు అడిగిన ప్రశ్నకు ప్రకృతి రెండేండ్లును సత్యమైన సమాధానమే ఇచ్చుచుండెను. ‘ఈ దోమ కాదు’ అనునదియే ఆ సమాధానము. జాతులను పేరుపెట్టి వేరుచేయుట పనిలేనివారి వినోదమనియు, నిజమైన విజ్ఞానము ప్రయోగశాలలోనే యుండుననియు తలంచువారు ఇప్పటికిని గలరు. ఎదుట నున్న ప్రాణి యేదో తెలియనివాని ప్రయోగమునకు సిద్ధించిన ఫలమునైనను, సిద్ధింపని ఫలమునైనను చదువుట అసాధ్యమని ఈ ఒక్క ఉదంతము వారికి చెప్పుచున్నది.

1897 ఆగస్టు నడుమ, ఆయన సహాయకుడొకడు ఒక సీసాలో కొన్ని డింభకములను తెచ్చెను. వానినుండి వెలువడిన దోమలు తక్కినవానివలె లేవు: దేహము సన్నగా నుండెను, రెక్కలమీద మచ్చలుండెను. నీలగిరులలో ఇట్టి మచ్చల రెక్కల దోమను రాస్ ఒకసారి చూచియుండెను. ఆగస్టు 16న వానిని హుస్సేన్ ఖాన్ అను రోగిపై వదలిరి. కుట్టిన దోమకొక అణా చొప్పున అతనికి ముట్టినది. శాస్త్రచరిత్రలందు రాస్ పేరు ఎంత పెద్దగా వ్రాయబడునో, తన నెత్తురును దోమల కర్పించిన ఈ రోగి పేరును అంత స్పష్టముగా వ్రాయవలెనని నా అభిప్రాయము. రక్తము త్రాగిన దోమలు కొన్ని తొలిదినములందే కోయబడెను, కొన్ని తమంత తామే చచ్చెను. 20వ తేదీ మధ్యాహ్నమునకు మిగిలినవి అతి స్వల్పము. రాస్ బేగంపేటలోని ఆసుపత్రిలో, ఉక్కపోతలో, అలసిన కన్నులతో ఒకదానిని కోసి, దాని కడుపుగోడను ఒక అంచునుండి మరియొక అంచునకు వెదకుచు పోవుచుండగా, మిల్లీమీటరులో వెయ్యవవంతులు పండ్రెండు వ్యాసము గల గుండ్రని కణమొకటి స్పష్టమైన అంచుతో కనబడెను. ఆ కణములో, మానవ రక్తములోని పరాన్నజీవియందు కానవచ్చునట్టి నల్లని రేణువులే యుండెను. అటువంటి కణములు మరికొన్ని యుండెను. మరునాడు మిగిలిన దోమను కోయగా అవే కణములు మరింత పెద్దవై కానవచ్చెను. పెరుగుచున్నది కనుక అది ప్రాణి. కడుపుగోడలో పెరుగుచున్నది కనుక దోమ త్రాగిన నెత్తురు అరిగిపోయినను అది అరుగలేదు.

ఆ కణమును గుర్తింపగలుగుటకు రాస్‌కు శక్తి ఎచ్చటనుండి వచ్చెను? రెండేండ్ల వైఫల్యమునుండియే. రోగము లేని దోమ కడుపుగోడ ఎట్లుండునో ఆయనకంటె బాగుగా ఎరిగినవాడు ఆనాడు లోకమున లేడనుట అతిశయోక్తి కాదు. సహజమైనదానిని వందలసార్లు చూచిన కంటికే అసహజమైనది ఒక్కసారి కనబడినను పట్టుబడును. అదే కణమును మొదటిదినముననే చూచియుండినచో, దోమ కడుపులో ఇట్టి కణములుండుట మామూలు కాబోలునని దాటిపోయెడివాడేమో! వ్యర్థమనుకొన్న ఆ దోమలన్నియు, తెలియకయే, పోలికకు ఉంచిన సాక్ష్యములైనవి.

అయినను రెండు దోమలలో చూచినది రుజువు కానేరదు. రాస్ ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించిన వ్యాసమునకు ‘మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని విలక్షణమైన రంగుకణములు’ అను భావము వచ్చునట్లు పేరు పెట్టెనేగాని, మలేరియా రహస్యము తేలినదని పేరు పెట్టలేదు. ఈ మచ్చల రెక్కల జాతికి అట్టి కణములు పుట్టుకతోనే యుండునా? ఉండవన్నచో, అవి తరువాత ఏమగును? దోమ కడుపునుండి మనుష్యుని రక్తములోనికి వచ్చు త్రోవ యేది? వీనిని తేల్చుకొనుటకు ముందే ఆయనను రాజపుత్రస్థానములోని ఖేర్వారాకు బదిలీ చేసిరి. అచ్చట మలేరియా చాల తక్కువ. పరిశోధనలకు పాలకుల నిర్లక్ష్యము చేసినంత కీడు అజ్ఞానము చేయదు.

1898 ఫిబ్రవరిలో ఆయనకు కలకత్తాలో ప్రత్యేకముగా ఈ పనికే అవకాశము లభించెను. కాని ప్లేగు టీకాల భయముచేత జనులు వైద్యునకు వ్రేలు చూపుటకైనను జంకుచుండిరి. రాస్ మనుష్యులను విడిచి పక్షుల వైపు తిరిగెను. పిచ్చుకలకును, భరతపక్షులకును మలేరియాకు దగ్గరి బంధువైన పరాన్నజీవి యొకటి రక్తములో నుండును. ఆశ్చర్యకరమైన సంగతి యేమన, సికిందరాబాదులో రెండేండ్లు ఆయనను నిరాశపరచిన బూడిదరంగు దోమయే పక్షుల పరాన్నజీవికి సరియైన వాహనమయ్యెను! మానవ మలేరియాకు లేదనిన దోమ పక్షి మలేరియాకు ఔననెను. ఏ దోమ యని మాత్రమే కాదు, ఏ పరాన్నజీవికి ఏ దోమ యని అడుగవలెను.

కలకత్తాలో రాస్ చేసిన ప్రయోగములలో ఒకటి నా దృష్టిలో జీవశాస్త్ర విద్యార్థులందరును కంఠస్థము చేయదగినది. మూడు పిచ్చుకలను తీసికొనెను: ఒకదాని రక్తములో పరాన్నజీవులు లేవు, రెండవదానిలో మధ్యరకముగా నున్నవి, మూడవదానిలో విస్తారముగా నున్నవి. మూటిని వేరువేరు దోమతెరలలో నుంచి, ఒకే విధముగా పెంచిన బూడిదరంగు దోమలను ఒకే రాత్రి వదలి, పిమ్మట ఒక్కొక్క గుంపునుండి పదేసి దోమలను కోసి రంగుకణములను లెక్కించెను. మొదటి పదింటిలో ఒక్కటియు లేదు. రెండవ పదింటిలో 292. మూడవ పదింటిలో 1009. దోమ జాతి ఒక్కటే, పుట్టిన నీరు ఒక్కటే, రాత్రి ఒక్కటే, కోసిన చేయి ఒక్కటే. భేదించినది పిచ్చుక రక్తములోని పరాన్నజీవుల సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య లేనిచోట ఫలము లేదు, హెచ్చినచోట ఫలము హెచ్చినది. సందేహమునకు ఎక్కడ చోటున్నది? ఒక్క దోమలో చూచిన కణము మనకు ఊహనిచ్చును. పక్కన సున్న నిలిచిన తరువాతనే దానికి బలము వచ్చును. జీవులలో ఒకదానికొకటి భేదము సహజము గనుక, పిచ్చుక యొక్కటియు దోమ యొక్కటియు చాలవు. గుంపునకు గుంపును పోల్చి లెక్కింపవలెను. గణితమునందు రాస్‌కు గల ప్రీతి ఇచ్చట సార్థకమైనది.

తరువాతి నెలలలో ఆయన ఆ కణమును దినదినమును వెంబడించెను. అది పెరిగి కడుపుగోడ వెలుపలికి పొడుచుకొని వచ్చి, పగిలి, అసంఖ్యాకములైన సన్నని శలాకలను దోమ దేహములోనికి విడుచును. ఆ శలాకలు ఎచ్చటికి పోవుచున్నవో తెలియక ఆయన కొన్ని వారములు తికమకపడెను. 1898 జూలై మొదటి వారమున అవి దోమ మెడలోని ఒక గ్రంథియందు గుంపులుగా కూడియుండుట కనబడెను. ఆ గ్రంథి గొట్టము తొండములోనికి తెరచుకొనును. అది లాలాజల గ్రంథి. దోమ కుట్టునప్పుడు తన లాలాజలమును ముందు గాయములోనికి చిమ్మును గదా! నీరు త్రాగుట, దుమ్ము పీల్చుట అను ఊహలన్నియు ఆ ఒక్క దృశ్యముతో రాలిపోయెను. వెంటనే ఆరోగ్యవంతములైన 28 పిచ్చుకలను అట్టి దోమలచేత కుట్టింపగా 22 పిచ్చుకలకు వ్యాధి సోకెను. ఈ పనిలో దోమలను పట్టి పెంచి పోషించిన మహమ్మద్ బక్ష్ శ్రమ రాస్ శ్రమకు తీసిపోదు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది, లావెరాన్‌కు 1907లో.

మానవుని విషయము ఇటలీలో తేలెను. బాటిస్టా గ్రాసీ వైద్యుడుగా చదివియు జంతుశాస్త్రమునకు అంకితమైనవాడు; దోమల జాతులను ఎరిగినవాడు. ఆయన ఊరూర తిరిగి, దోమలుండియు మలేరియా లేని చోట్లు అనేకము గలవనియు, మలేరియా యుండి ఆనాఫిలిస్ దోమ లేని చోటు మాత్రము కానరాదనియు గుర్తించెను. 1898 చివర ఆయనయు, బిగ్నామీ, బాస్టియనెల్లీలును రోములోని ఆసుపత్రిలో, ఆనాఫిలిస్ దోమలచేత కుట్టించి, మలేరియా ఎరుగని మనిషికి మలేరియా తెప్పించి చూపిరి. రాస్, గ్రాసీల నడుమ ఘనత ఎవరిదని తరువాత సాగిన కలహము ఇరువురికిని శోభ నియ్యలేదు, దానిని విస్తరింపను.

అయినను చెడుగాలిని నమ్మినవారికి ఇంకను ఒక మాట మిగిలియుండెను: దోమ ఒక దారి కావచ్చును, గాలి మరియొక దారి యేల కారాదు? దీనికి 1900లో రెండు ప్రయోగములు సమాధానమిచ్చినవి. రోములో రోగుల రక్తము త్రాగిన దోమలను లండనునకు తెప్పించి, మాన్‌సన్ తన కుమారునే వానికి అప్పగించెను. చిత్తడినేల గాలి సోకని లండనులో ఆ యువకునకు దినము విడిచి దినము వచ్చు చలిజ్వరము వచ్చెను. రెండవది ఇంతకంటెను రమ్యమైనది. సాంబన్, లో అను వైద్యులు, రోము సమీపమున మలేరియాకు పేరుమోసిన ఓస్టియా ప్రాంతమున, సన్నని తీగవల బిగించిన గుడిసె యొకటి కట్టించుకొని, జ్వరపు ఋతువంతయు అందులో కాపురముండిరి. పగలు స్వేచ్ఛగా తిరిగిరి. ప్రొద్దు క్రుంకకముందే గుడిసె చేరిరి. కిటికీలు మాత్రము రాత్రియంతయు తెరచియే యుంచి, ఆ బురదనేలల గాలినే పీల్చిరి. క్వినైను పుచ్చుకొనలేదు. చుట్టుపట్ల జనులు జ్వరములతో మూలుగుచుండగా వారికి జ్వరము రాలేదు. గాలి వచ్చినది, దోమ రాలేదు. శతాబ్దులనుండి కలిసియే సంచరించిన రెండు కారణములను ఒక తీగవల విడదీసినది.

ఇంతటితో కథ ముగిసినదని శాస్త్రజ్ఞులును తలంచిరి. కాని దోమ కుట్టిన పిమ్మట పది దినములవరకు రోగి రక్తములో పరాన్నజీవి యేల కానరాదు? 1903లో షౌడిన్ అను ప్రసిద్ధ జర్మన్ శాస్త్రజ్ఞుడు, దోమ విడిచిన శలాక సూటిగా ఎర్ర రక్తకణములో ప్రవేశించుట తాను కన్నులార చూచితినని ప్రకటించెను. ఆయన పేరు గొప్పది; పుస్తకములు ఆ మాటను నలుబదేండ్లకు పైగా వల్లించెను. ఇతరులు చూడబోయినప్పుడు మాత్రము అది కనబడలేదు. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అను వారు, లెక్కకు మిక్కిలియైన దోమలచేత కోతిని కుట్టించి, దాని అవయవములను ఒక్కటొక్కటిగా వెదకి, ఆ దినములలో పరాన్నజీవి కాలేయములో దాగి పెరుగుచుండునని కనుగొనిరి. త్వరలోనే మానవునియందును అట్లేయని తేలెను. ఒకరు చూచినది మరియొకరు చూడజాలనప్పుడు, చూచినవాడు ఎంతవాడైనను, ఆ విషయమును తీరని తగవుగానే యుంచవలెను. నలుబదేండ్లు ఆ మర్యాదను మనము పాటింపలేదు.

‘ఏ దోమ?’ అను ప్రశ్న మన యిండ్లకును సంబంధించినది. విశాఖ మన్యములోను, ఇతర కొండసీమలలోను, మెల్లగా పారు సెలయేళ్ళ అంచులలో ఆనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ పెరుగును. మైదానములలో కాలువలు, గుంటలు, ఏటి ఇసుకలో నిలిచిన మడుగులు క్యూలిసిఫేసిస్‌కు నెలవులు. పట్టణములలో స్టిఫెన్సీ అను జాతి బావులలోను, మూతలేని నీటితొట్లలోను, మేడలమీది ట్యాంకులలోను తేటనీటినే కోరి గ్రుడ్లు పెట్టును. మురుగుకాలువలో పెరుగునది క్యూలెక్స్. అది బోదకాలును మోయును. ఇంటి కుండీలలోను, పాత టైర్లలోను పెరుగు చారల ఈడిస్ పగటిపూట కుట్టి డెంగీని మోయును. కావున మురుగుకాలువను శుభ్రము చేసి మలేరియాను ఆపితిమనుకొన్న పురపాలకులు, మేడమీది ట్యాంకును చూడనిచో, చేసినది మంచిపనియే యైనను మలేరియా పని కాదు.

వీనిని గుర్తించుటకు గొప్ప పరికరములు అక్కరలేదు. ఆనాఫిలిస్ డింభకము నీటి పైపొరకు సమాంతరముగా, చాపినట్లు, పరుండియుండును. క్యూలెక్స్ డింభకము తోకకొననున్న శ్వాసనాళమును పైపొరకు ఆనించి, తల క్రిందుగా వ్రేలాడుచుండును. పెరిగిన ఆనాఫిలిస్ గోడపై వాలినప్పుడు తోకభాగము పైకెత్తి, గోడకు గుచ్చిన ముల్లువలె ఏటవాలుగా నిలుచును. క్యూలెక్స్ గోడకు సమముగా ఒదిగి కూర్చుండును. ఉపాధ్యాయులారా, ఈ వానకాలమున మీ విద్యార్థులచేత ఊరిలోని బావినుండి, కాలువనుండి, మురుగుగుంటనుండి, మేడమీది తొట్టినుండి వేరువేరు గాజుసీసాలలో నీరు తెప్పించుడు. ఏ సీసా ఏ చోటిదో, ఏ తేదీదో చీటీ అంటింపుడు. మూతికి పలుచని బట్ట గట్టిగా కట్టింపుడు. ఏ డింభకము పరుండినదో, ఏది వ్రేలాడినదో, వెలువడిన దోమ బట్టపై ఎట్లు వాలినదో దినదినమును వ్రాయింపుడు. పని తీరగానే మరుగునీరు పోసి వానిని చంపుడు. ఆ పట్టికను మీ మండలములోని మలేరియా శాఖవారికి పంపుడు. మీ ఊరిలో ఏ దోమ ఎచ్చట పెరుగుచున్నదో తెలిపెడి కాగితము వారికి తప్పక అక్కరకు వచ్చును.